ఆపరేషన్ తర్వాత పేగు ఎందుకు ఆగుతుంది: నరాల వైపు నుంచి

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్లకి వినపడుతోందా? సరే, మొదలుపెడదాం.

పొట్ట ఆపరేషన్లు చేసే వార్డులో పొద్దున్నే రౌండ్స్‌లో తప్పకుండా వినపడే ప్రశ్న ఒకటుంది. ‘గ్యాస్ పోయిందా?’ డాక్టరు అడుగుతాడు, సిస్టర్ అడుగుతుంది, చూడటానికొచ్చిన చుట్టాలు కూడా అడుగుతారు. ఆ ప్రశ్న అడిగేటప్పుడు మన మనసులో ఏముంటుంది? మత్తిచ్చారు, మనిషితో పాటు పేగు కూడా నిద్రపోయింది, మత్తు దిగాక అదే మెల్లగా లేస్తుంది. చాలామంది అలాగే అనుకుంటారు. అనుకుంటారా, లేదా? కానీ మత్తు దిగేది కొన్ని గంటల్లో. పేగు కదిలేది రెండో రోజో, మూడో రోజో, ఒక్కోసారి వారానికో. మత్తే కారణమైతే ఈ తేడా ఎక్కణ్ణించి వచ్చింది?

ఆపరేషన్ తర్వాత పేగు ఇలా ఆగడాన్ని ఇలియస్ అంటారు. పేగు నిద్రపోలేదండి. దానికి బ్రేకు వేసి ఉంది. ఆ బ్రేకులు కూడా ఒకటి కాదు, మూడు. మొదటిది నరాలు వేసేది, రెండోది పేగు గోడలోని వాపు వేసేది, మూడోది మనం ఇచ్చే నొప్పి మందులు వేసేది. ఈ సంగతి పట్టుబడితే చికిత్స దానంతటదే అర్థమవుతుంది. బ్రేకు వేసి ఉన్నప్పుడు వెనకనుంచి తోస్తే ఏం లాభం? కదిలించే మందులు ఎన్ని ఇచ్చినా ఎందుకు పనిచెయ్యవు అన్నదానికి జవాబు ఇక్కడే ఉంది. ఈ మాట మళ్లీ మళ్లీ చెప్తాను, విసుక్కోకండి.

ముందు వైరింగు చూద్దాం. పేగు గోడలోనే ఒక నాడీ వ్యవస్థ ఉంది. కోట్ల సంఖ్యలో నాడీకణాలు, వెన్నుపాములో ఉన్నన్ని ఉంటాయంటారు. రెండు వలలుగా ఉంటాయి. చుట్టు కండరానికీ నిలువు కండరానికీ మధ్యలో ఉన్నది ఆవర్‌బాఖ్ వల, ఇది కదలికల పని చూస్తుంది. లోపలి పొర కింద ఉన్నది మైస్నర్ వల, ఇది స్రావాలూ రక్తప్రసరణా చూసుకుంటుంది. ఈ రెండూ పేగుని మెదడు అవసరం లేకుండా నడపగలవు. పేగు ముక్క కోసి బయట ఆక్సిజన్ ఉన్న ద్రావణంలో పెట్టినా అది ముందుకి తోస్తూనే ఉంటుంది. లోపల ఏదైనా తగిలితే, తగిలిన చోటికి పైన కండరం బిగుస్తుంది, కింద వదులవుతుంది. పైన బిగింపుకి అసిటైల్‌కోలిన్, సబ్‌స్టెన్స్ పి. కింద వదులుకి నైట్రిక్ ఆక్సైడ్, విఐపి, ఏటీపీ. ఇవన్నీ నరాల కొసలు వదిలే రసాయనాలు. వదులవడం కూడా నరం చేసే పనే, దీన్ని గుర్తుపెట్టుకోండి, తర్వాత కావాలి.

లయ ఎక్కణ్ణించి వస్తుంది? కండరం నుంచీ కాదు, నరం నుంచీ కాదు. కహాల్ కణాలని మధ్యలో ఉంటాయి, లయ వాటిది. జీర్ణాశయంలో నిమిషానికి 3, చిన్నపేగు మొదట్లో 11 నుంచి 12, చివర్లో 8 లేదా 9. ఆపరేషన్ తర్వాత కూడా ఈ విద్యుత్తు అలలు సాధారణంగా పూర్తిగా ఆగిపోవు. అల వస్తుంది, కానీ దాని వెంట రావాల్సిన బిగింపు రాదు. ఎందుకు రాదు? బిగింపుకి నరం అసిటైల్‌కోలిన్ వదలాలి. దాన్ని వదలనివ్వడం లేదు.

ఎవరు వదలనివ్వడం లేదు? బయటి నరాలు. ఇవి రెండు రకాలు. వేగస్ నరం మెదడు కాండం నుంచి దిగుతుంది, త్రికం, అంటే వెన్నెముక అడుగు ఎముక, అక్కణ్ణించి రెండో, మూడో, నాలుగో నరాలు పెద్దపేగు చివరి భాగానికి వస్తాయి. ఇవి మొత్తమ్మీద కదలికకి అనుకూలం. వేగస్‌లో సుమారు ఐదింట నాలుగు వంతుల తంతువులు పైకి కబురు మోసేవే, కిందికి ఆజ్ఞ తెచ్చేవి తక్కువ. రెండో రకం సింపతెటిక్ నరాలు, ఒంటికి ఆపద వచ్చినప్పుడు పనిచేసేవి. ఛాతీ వెన్ను ఐదో ఖండం నుంచి నడుము రెండో ఖండం దాకా బయల్దేరి, పెద్ద ధమని ముందున్న గాంగ్లియాన్లలో, అంటే నరాల ముడుల్లో, మారి, పేగుకి వస్తాయి. నార్‌అడ్రినలిన్ వదులుతాయి. అది కండరం మీద కన్నా ఎక్కువగా ఆవర్‌బాఖ్ వలలోని నరాల కొసల మీద, ఆల్ఫా-2 రిసెప్టార్ల మీద, అంటే రసాయనం వచ్చి తగిలే చోట్ల మీద, పనిచేసి, అసిటైల్‌కోలిన్ బయటికి రాకుండా చేస్తుంది. ఇదే మొదటి బ్రేకు.

ఇది కొత్త సంగతేమీ కాదు. 1899లో బేలిస్, స్టార్లింగ్ కుక్కల మీద చూపించారు. పొట్ట తెరిస్తే పేగు కదలిక ఆగిపోతుంది, పేగుకి వచ్చే సింపతెటిక్ నరాలు, స్ప్లాంక్నిక్ అంటారు, వాటిని కోసేస్తే మళ్లీ కదులుతుంది. అంటే కదలగల శక్తి అప్పుడు కూడా ఉంది! 1906లో కానన్, మర్ఫీ పిల్లుల్లో ఎక్స్‌రేతో ఇంకో సంగతి చూశారు. మత్తు వల్ల వచ్చే ఆలస్యం కొంచెమే, పేగుని చేత్తో పట్టుకోవడం వల్ల వచ్చే ఆలస్యం చాలా ఎక్కువ. నూట ఇరవై ఏళ్ల కిందటి మాట, మనం ఇంకా మత్తునే తిట్టుకుంటున్నాం.

ఇప్పుడు ఆపరేషన్ బల్ల దగ్గరికి రండి. చర్మం కోశారు, పెరిటోనియం, అంటే పొట్ట లోపలి పల్చటి పొర, తెరిచారు. నొప్పి కబురు వెన్నుపాముకి వెళ్తుంది, అక్కడికక్కడే సింపతెటిక్ ఆజ్ఞ తిరిగొస్తుంది. ఇది చిన్న వలయం, మెదడు దాకా పోదు. తర్వాత పేగు పట్టుకున్నారు, లాగారు, పక్కకి జరిపారు. ఇప్పుడు కబురు ఇంకా గట్టిది, మెదడు కాండం దాకా, హైపోథలామస్ దాకా పోతుంది. అక్కణ్ణించి రెండు దారుల్లో ఆజ్ఞ వస్తుంది. ఒకటి మామూలు సింపతెటిక్ దారి. రెండోది వేగస్ దారి! అదేంటి, వేగస్ అనుకూలం అన్నారు కదా అంటారా? వేగస్‌లో నైట్రిక్ ఆక్సైడ్, విఐపి వదిలించే తంతువులు కూడా ఉన్నాయి. ఇందాక గుర్తుపెట్టుకోమన్నాను చూడండి, వదులవడం కూడా నరం పనే. వాంతి ముందు జీర్ణాశయం వదులైపోయేది కూడా ఈ దారినే.

ఈ నరాల దశ ఎంతసేపు? పొట్ట మూసేశాక, లాగడం ఆగిపోయాక, కొన్ని గంటల్లో తగ్గిపోతుంది. మరి నాలుగు రోజులు పేగుని ఆపేదేంటి?

ఆపేది వాపు. ఈ విషయం గురించి చదివేవాళ్లు తొందరగా దాటేసేది ఇక్కడే, కాబట్టి కాస్త నిదానంగా చెప్తాను. పేగు కండరపు పొరల మధ్య రక్షణ కణాలైన మాక్రోఫేజ్‌లు ఒక వలలా పరుచుకుని ఉంటాయి, మామూలప్పుడు కూడా. చేత్తో పట్టుకుంటే పక్కనున్న మాస్ట్ కణాలు పగిలి హిస్టమిన్ లాంటివి వదులుతాయి, లోపలి పొర కాసేపు లీకవుతుంది, ఈ మాక్రోఫేజ్‌లు మేలుకుంటాయి. మూడు నాలుగు గంటల్లో రక్తంలోంచి తెల్లకణాలు కండరంలోకి దిగడం మొదలవుతుంది, ఒక రోజు గడిచేసరికి బాగా నిండిపోతాయి. ఇవి ఐనాస్ అనే ఎంజైముతో నైట్రిక్ ఆక్సైడ్, కాక్స్-2తో ప్రోస్టాగ్లాండిన్లు తయారుచేస్తాయి. మొదటిది కండరాన్ని నేరుగా మెత్తబరుస్తుంది. అంటే నరం చెప్పకుండానే కండరం బలం పోతోంది. కానీ నరాల కథ ఇక్కడ ముగియలేదు. ప్రోస్టాగ్లాండిన్లు, సైటోకైన్లు అనే వాపు రసాయనాలు పేగు నుంచి బయల్దేరే ఇంద్రియ నరాలని చురుగ్గా ఉంచుతాయి. వెన్నుపాములోకి ‘అక్కడ ఏదో అయింది’ అన్న కబురు పోతూనే ఉంటుంది. సింపతెటిక్ ఆజ్ఞ వస్తూనే ఉంటుంది. సర్జన్ చిన్నపేగు చివర ఒక అడుగు పొడవు మాత్రమే ముట్టుకున్నాడు, జీర్ణాశయం ఎందుకు ఆగింది, పెద్దపేగు ఎందుకు ఆగింది? వాపు ఒక చోటే ఉంది, కానీ బ్రేకు నరాల ద్వారా అంతటా పడుతుంది. అందుకే.

లాపరోస్కోపీలో, అంటే చిన్న గాట్లలోంచి కెమెరాతో చేసే ఆపరేషన్లో, పేగు తొందరగా కదలడానికి ముఖ్య కారణం ఇప్పుడు తెలిసిందా? గాటు చిన్నది అన్నది ఒక పాలు. పేగుని తక్కువగా పట్టుకుంటారు, గాలికి తక్కువగా ఆరుతుంది అన్నది ఇంకో పాలు, బహుశా పెద్ద పాలు. ఓపెన్‌లో అయినా తడి గుడ్డలో ఉంచడం, పదేపదే వరసగా తీసి చూడకపోవడం అందుకే. థియేటర్లో సహాయం చేసేవాళ్లు ఇక్కడున్నారు కదా, అడ్డొచ్చినవాటిని పక్కకి పట్టి ఉంచే రిట్రాక్టర్ ఎంత గట్టిగా లాగాం అన్నది మూడో రోజు వార్డులో కనపడుతుంది.

ఈ వాపుకి విరుగుడు కూడా నరంలోనే ఉంది, అది వేగస్. వేగస్ ప్రేరేపిస్తే పేగు గోడలో అసిటైల్‌కోలిన్ పెరిగి, మాక్రోఫేజ్‌ల మీది ఆల్ఫా-7 నికోటినిక్ రిసెప్టార్‌ని తాకి, వాటిని చల్లబరుస్తుంది. ఎలుకల్లో ఇది స్పష్టంగా చూపించారు, 2005 ప్రాంతం. మనుషుల్లో దీన్ని ఎలా వాడుకోవాలన్నది ఇంకా తేలలేదు, కానీ నోట్లో ఏదో నమలడం, తొందరగా తినిపించడం వెనక ఉన్న ఆలోచన ఇదే.

మూడో బ్రేకు మనం వేసేది. మార్ఫిన్, ఫెంటనిల్, ట్రమడాల్ లాంటి ఓపియాయిడ్ మందులు. నొప్పికి మెదడులో పనిచేసే మ్యూ రిసెప్టార్లు పేగు వలలో కూడా ఉన్నాయి. అక్కడ అసిటైల్‌కోలిన్ వదలడం తగ్గుతుంది, ముందుకి తోసే కదలిక పోయి ఉన్నచోటే పిసికే కదలిక మిగులుతుంది, కవాటాలు బిగుస్తాయి, స్రావం తగ్గి మలం ఎండిపోతుంది. ఈ మందులు నొప్పి తగ్గించడానికి ఒళ్లు అలవాటు పడుతుంది, మలబద్ధం చెయ్యడానికి మాత్రం అలవాటు పడదు. మోతాదు పెరిగినకొద్దీ ఆలస్యం పెరుగుతుంది. కానీ ఓపియాయిడ్ భయంతో నొప్పిని వదిలేస్తే? నొప్పే మొదటి బ్రేకు వేస్తుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

మూడు బ్రేకులూ కలిపితే ఏ భాగం ఎప్పుడు కోలుకుంటుంది? చిన్నపేగు ఒక రోజులోపు, చాలాసార్లు కొన్ని గంటల్లోనే. జీర్ణాశయం 24 నుంచి 48 గంటలు. పెద్దపేగు 48 నుంచి 72. ఆఖర్న వచ్చేది పెద్దపేగే, మన నిరీక్షణ అంతా దాని కోసమే. ఇంకో ఆసక్తికరమైన సంగతి. ఈ మధ్య పెద్దపేగులో పీడనం కొలిచే సన్న గొట్టాలు పెట్టి చూస్తే, కుడివైపు పెద్దపేగు తీసిన తర్వాత ఎడమవైపు చివరి భాగం స్తంభించి లేదు. అతిగా కదులుతోంది. చాలా అలలు వెనక్కి పోతున్నాయి. ఆ భాగానికి అది సహజంగా చేసే పని, మలాన్ని నిలిపి ఉంచే పని, ఆపరేషన్ తర్వాత హద్దు దాటింది. పేగు పక్షవాతం అన్న పేరు ఎంత పొరపాటో చూడండి.

సరే, వార్డులో ఏం చెయ్యాలి?

ఛాతీ ఎపిడ్యూరల్ ముందు, అంటే వెన్నెముకలో సన్న గొట్టం పెట్టి మందు ఇవ్వడం. ఛాతీ మధ్య, కింది ఖండాల దగ్గర లోకల్ మత్తు పెడితే నొప్పి కబురు పైకి పోదు, సింపతెటిక్ ఆజ్ఞ కిందికి రాదు. వేగస్ వెన్నెముకలోంచి రాదు కాబట్టి దానికేమీ కాదు, త్రికం నరాలు కింద ఉంటాయి కాబట్టి వాటికీ ఏమీ కాదు. బ్రేకు తీస్తాం, యాక్సిలేటర్ అలాగే ఉంచుతాం. నడుము దగ్గర పెట్టిన ఎపిడ్యూరల్ ఈ పని చెయ్యదు, ఎత్తు తప్పు. ఎపిడ్యూరల్ సంచిలో మార్ఫిన్ కలిపితే లాభంలో కొంత పోతుంది. ఎపిడ్యూరల్‌తో బీపీ పడిపోతుంది, మూత్రం ఆగుతుంది, అందుకని లాపరోస్కోపీకి ఇప్పుడు మామూలుగా పెట్టరు. పొట్ట గోడకి ఇచ్చే ట్యాప్ బ్లాకు, పారాసెటమాల్, అవసరమైతే కొంచెం ఓపియాయిడ్, అంతే. రక్తనాళంలో లిగ్నోకైన్ అనే లోకల్ మత్తుమందు ఇవ్వడం గురించి చాలా ఆశ పెట్టుకున్నారు. లాపరోస్కోపీ పెద్దపేగు కేసుల్లో జరిగిన ఇటీవలి పెద్ద ట్రయల్‌లో పేగు ముందుగా కదల్లేదు. వాడేవాళ్లు వేరే లోకల్ బ్లాకుతో కలపకండి. పెదాల చుట్టూ తిమ్మిరి, చెవుల్లో హోరు అంటే వెంటనే ఆపండి, తర్వాత వచ్చేది ఫిట్స్.

ద్రవాలు. ఇది సిస్టర్ల చేతిలో ఉన్నది. సెలైన్ ఎక్కువైతే పేగు గోడ ఉబ్బుతుంది, ఉబ్బిన కండరానికి నరం ఎంత చెప్పినా బిగుసుకోదు. 2002లో ఒక చిన్న ట్రయల్‌లో పెద్దపేగు ఆపరేషన్ తర్వాత ఒక గుంపుకి రోజుకి 3 లీటర్లు, 154 మిల్లీమోల్ సోడియం, ఇంకో గుంపుకి 2 లీటర్ల లోపు, 77 మిల్లీమోల్ లోపు ఇచ్చారు. తక్కువ ఇచ్చినవాళ్లలో జీర్ణాశయం తొందరగా ఖాళీ అయింది, గ్యాస్ ముందుగా పోయింది, ఇంటికీ ముందుగా వెళ్లారు. అందుకని రోజూ బరువు చూడండి. ఆపరేషన్ ముందు బరువు మీద 3 కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు, నీళ్లు. నోటితో తాగగలిగిన రోజే డ్రిప్ తీసెయ్యండి.

రక్తంలో పొటాషియం లీటరుకి 4 మిల్లీమోల్ దగ్గర ఉండాలి. మెగ్నీషియం తక్కువుంటే పొటాషియం ఎంతిచ్చినా మూత్రంలో పోతూనే ఉంటుంది, రెండూ కలిపి చూడండి.

ముక్కు గొట్టం అందరికీ వేసి రోజుల తరబడి ఉంచడం మానెయ్యండి. గొట్టం లేనివాళ్లలోనే పేగు ముందు కదులుతుందని ట్రయల్స్ అన్నీ కలిపి చూస్తే తేలింది. గొట్టం ఎవరికి? వాంతులవుతున్నవాళ్లకి, పొట్ట బిగిసిపోయినవాళ్లకి. వాళ్లకి మాత్రం ఆలస్యం చెయ్యకండి, వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతే అప్పుడు ఇలియస్ చిన్న సమస్యే అనిపిస్తుంది.

నడిపించడం? ఊపిరితిత్తులకి, కాళ్లలో గడ్డలు కట్టకుండా, తప్పకుండా నడిపించండి. పేగు కోసం అని చెప్పి నడిపించకండి, కొలిచి చూసినప్పుడు నడకతో పేగు విద్యుత్తు తొందరగా కోలుకోలేదు. ‘నువ్వు నడవలేదు, అందుకే గ్యాస్ పోలేదు’ అని పేషెంటుని దోషిని చెయ్యడం మన అలవాటు. మానుకుందాం.

ఆల్విమోపాన్ అనే మందు ఉంది, దొరికే దేశాల్లో. మ్యూ రిసెప్టార్‌ని పేగులో అడ్డుకుంటుంది, మెదడులోకి పోదు, కాబట్టి నొప్పి తగ్గడం పోదు. ఆపరేషన్‌కి ముందు 12 మిల్లీగ్రాములు, తర్వాత రోజుకి రెండుసార్లు, మొత్తం 15 మోతాదులు మించకూడదు. ఆపరేషన్‌కి ముందు వరసగా వారం పైగా ఓపియాయిడ్ వాడినవాళ్లకి ఇవ్వరు. ఓపియాయిడ్ అసలు వాడని పద్ధతిలో దీనికి పని లేదు. బ్రేకే లేనప్పుడు ఏం తీస్తుంది?

ఇక తోసే మందులు. మెటోక్లోప్రమైడ్ వికారానికి పనికొస్తుంది, ఇలియస్‌ని తగ్గించినట్టు నిరూపణ లేదు. ఎరిత్రోమైసిన్ మోటిలిన్ రిసెప్టార్ మీద పనిచేసి జీర్ణాశయాన్ని కదిలిస్తుంది, ఇలియస్ రోజులు తగ్గించలేదు. నియోస్టిగ్మిన్ వేరు. మెకానికల్ అడ్డంకి లేకుండా పెద్దపేగు ఒక్కటే ఉబ్బిపోయే ఓగిల్వీ సిండ్రోమ్‌లో, 1999 ట్రయల్‌లో 11 మందిలో 10 మందికి తగ్గింది, సెలైన్ ఇచ్చిన 10 మందిలో ఒక్కరికీ తగ్గలేదు. 2 మిల్లీగ్రాములు, మూడు నుంచి ఐదు నిమిషాల్లో మెల్లగా, ఈసీజీ మానిటర్ పెట్టి, అట్రోపిన్ సిరంజిలో తీసి పక్కన పెట్టుకుని. గుండె నెమ్మదిస్తుంది, అందుకు. అడ్డంకి లేదని ముందు స్కాన్‌లో తేల్చుకోవాలి. అడ్డంకి ఉండగా ఇస్తే పేగు చిల్లిపడొచ్చు. సీకం, అంటే పెద్దపేగు మొదటి భాగం, 12 సెంటీమీటర్లు దాటితే వేచిచూడటానికి సమయం లేదు.

ఇందాక ‘గ్యాస్ పోయిందా’ అని మొదలుపెట్టాం కదా, అసలు ఏం చూసి పేగు కోలుకుందనాలి? స్టెతస్కోపుతో చప్పుడు వినడం వదిలెయ్యండి, వినపడినా వినపడకపోయినా ఏమీ చెప్పదు. గ్యాస్ ఒక్కటే నమ్మకూడదు. గట్టి ఆహారం తిని వాంతి లేకుండా ఉన్నాడు, విరోచనం అయింది, ఈ రెండూ కలిస్తే కోలుకున్నట్టు. నాలుగో రోజుగానీ ఆ తర్వాతగానీ ఐదు లక్షణాల్లో రెండు ఉంటే దీర్ఘ ఇలియస్ అంటారు. వికారం లేదా వాంతి, 24 గంటలుగా తినలేకపోవడం, 24 గంటలుగా గ్యాస్ లేకపోవడం, పొట్ట ఉబ్బరం, స్కాన్‌లో కనపడటం.

అప్పుడు చెయ్యాల్సిన మొదటి పని మందు కాదు, అనుమానం. కోలుకుని తింటున్నవాడికి మళ్లీ పొట్ట ఉబ్బిందా? నాడి 100 దాటిందా? కారణం లేకుండా శ్వాస పెరిగిందా? పేగు కలిపిన చోట లీక్ చాలాసార్లు ఇలియస్ వేషంలోనే వస్తుంది. సీఆర్‌పీ (రక్తంలో వాపు చూపే పరీక్ష) మూడో రోజు తర్వాత తగ్గకుండా పెరుగుతుంటే సీటీ చెప్పండి. అలలు అలలుగా వచ్చే మెలిక నొప్పి అయితే అంటుకున్న పేగు అడ్డంకి గురించి ఆలోచించండి.

పెల్విస్ ఆపరేషన్ల గురించి రెండు మాటలు, ఎందుకంటే అక్కడ నరం ఆగదు, తెగుతుంది. పురీషనాళం తీసేటప్పుడు త్రికం ముందు, పక్కన పెల్విస్ అవయవాలకి వెళ్లే హైపోగాస్ట్రిక్ నరాలు, కింది నరాల వల ప్రమాదంలో ఉంటాయి. పురీషనాళం నిండినప్పుడు లోపలి కవాటం కాసేపు వదులై, వచ్చింది గాలా మలమా అని పసిగట్టే రిఫ్లెక్సు పేగు గోడలోంచే పోతుంది. పేగు కోసి కలిపితే అది కూడా తెగుతుంది. కొందరికి నెలల తర్వాత తిరిగొస్తుంది. ఆపుకోలేకపోవడం, గంటలో నాలుగుసార్లు వెళ్లాల్సి రావడం దీని ఫలితం. ఎంత తీవ్రమో ప్రశ్నలు అడిగి చూడటానికి లార్స్ అనే స్కోరు ఉంది, 0 నుంచి 42. 30 లేదా ఆపైన ఉంటే తీవ్రం. పేషెంటు తనంతట చెప్పరు, మీరే అడగండి.

ప్రశ్నలు తీసుకుందాం. చూయింగ్ గమ్ గురించి అడుగుతున్నారు. నమలడం మెదడుకి తిండి వచ్చిందన్న కబురు ఇస్తుంది, వేగస్ మేలుకుంటుంది. పాత పద్ధతిలో, ఓపెన్ ఆపరేషన్ల తర్వాత గ్యాస్ కొన్ని గంటలు ముందుకి జరిగింది. మొదటిరోజే తినిపించే వార్డుల్లో తేడా దాదాపు లేదు, అసలు తిండే ఉన్నప్పుడు ఉత్తుత్తి తిండితో పనేముంది? తినలేనివాళ్లకి రోజుకి మూడుసార్లు నమలమనండి, ఖర్చు లేదు, ప్రమాదం లేదు. కాఫీయా? 2012లో పెద్దపేగు ఆపరేషన్ల మీద ట్రయల్ చేశారు, కాఫీ తాగినవాళ్లకి 60 గంటలకి విరోచనమైతే నీళ్లు తాగినవాళ్లకి 74 గంటలకి అయింది. మోతాదు 100 మిల్లీలీటర్లు, మూడు పూటలు. గుండె లయ సమస్య లేకపోతే ఇవ్వచ్చు. ఆ చివర అమ్మాయి, చెప్పండి. విరోచనం మందు ఎప్పుడు మొదలుపెట్టాలి అనా? నోటితో తాగుతూ వాంతి లేకపోతే మొదటి రోజు నుంచే మెగ్నీషియం మందు ఇచ్చే వార్డులున్నాయి. మేలు కొంచెమే. కిడ్నీ సరిగా లేనివాళ్లకి మెగ్నీషియం వద్దు, బిసకోడిల్ ఇవ్వండి. సపోజిటరీ పెట్టే ముందు ఒక్క మాట సర్జన్‌ని అడగండి, కింద కుట్లు ఎంత దూరంలో ఉన్నాయో ఆయనకే తెలుసు.